ఐదుకూ ఐదున్నరకూ నడుమ

నాకు పాట రాదు. వాయించుడూ రాదు.
యూనివర్సిటీ సెమినార్ హాల్ల ఆ పొద్దు నా పని ఒక్కటే:
నా సెల్‌ఫోన్‌ల తంబూర ఆగకుండ చూసుడు.

జంపఖానా మీద నడుమ జోగులాంబ,
అయిజ పిల్ల, కెమిస్ట్రీ రెండో ఏడు,
వేళ్ల కొసలకు సిల్వర్ నైట్రేట్ మచ్చలు ఇంకా పోలె.
ఎడమ పక్క లెక్కల వరదాచారి సారు,
చాక్‌పీస్ పొడి ధోవతికి తుడిచి ఫిడేలు తీసిండు.
కుడి పక్క కుర్మయ్య.
మెస్సుల గుప్పెడు బొంబాయి రవ్వ అడిగి తెచ్చి
నీళ్లతో పిసికి మృదంగం ఎడమ మూతికి అద్దిండు.
"పొద్దటి ఉప్మా పలచనైంది వీని వల్లనే"
వెనుక వరుసల ఎవరో అన్నరు.

శ్రుతి ఐదున్నర.
కిటికీల అవతల ఆకు రాల్చిన సీతాఫలం చెట్లు,
వాటి వెనక రాయచూరు రోడ్డు.
గొర్ల లారీ ఒకటి హారన్ కొట్టుకుంటా పోయినంక
ఆమె కాంభోజి ఎత్తుకుంది.

ఎట్ల చెప్పాలె?
బావిల బొక్కెన దింపుతుంటె
తాడు చేతుల నుంచి జారే గడియ ఒకటి ఉంటది,
నీళ్లు ఇంకా తగలవు, చల్లదనం మాత్రం పైకొస్తది.
ఆమె ఒక స్వరం మీద నిలిచినప్పుడు గట్ల అయింది.
అది ధైవతమని తర్వాత సారు చెప్పిండు.
అప్పటికి నాకది పేరు లేని చల్లదనం.

అంతల కరెంటు పోయింది.
ఫ్యాన్లు ఆఖరి చుట్టు తిరిగి ఆగినయి. మైకు మూగబోయింది.
ఫోన్ల తంబూర ఉంది గదా అనుకుంటుంటె
ఫోను గూడ కన్ను మూసింది.
రాత్రి రెండింటిదాక ఎవరితోని మాట్లాడిన్నో
ఇక్కడ చెప్ప. ఛార్జింగ్ పెట్టలె. తప్పు నాదే.
ఎవరూ తిట్టలె. అది ఇంకా కష్టం.

ఆమె ఒక్కతే షడ్జం పట్టుకోని ఉంది,
గోడ లేని చోట ఆనుకొని నిలబడ్డట్టు.

అప్పుడు బిల్డింగు వెనకాల
బుర్హాన్ భాయి జనరేటర్ హ్యాండిల్ తిప్పిండు.
ఒకసారి దగ్గింది. మళ్లొకసారి దగ్గింది.
మూడోసారి అందుకోని ఒకటే నాదం.
ఐదున్నర గాదు, ఐదూ గాదు,
హార్మోనియం మీద మెట్టు లేని తావు.
ఆమె షడ్జం, దాని షడ్జం ఒకదాన్నొకటి రాసుకొని
చెవుల్ల ఈగ దూరినట్టయింది.

సారు చెయ్యెత్తి ఆపుతడనుకున్న.
ఆపలె. కమాను ఒళ్లె పెట్టుకోని
బిరడలు తిప్పవట్టిండు, వెంట్రుకవాసి, ఇంకో వెంట్రుకవాసి.
మా మార్కులు ఎన్నడూ ఇంత దయగ తగ్గించలె.
కుర్మయ్య రాయి తీసి
కింది నుంచి పైకి టక్కు టక్కు కొట్టి
కుడి మూతి బిగువు జరంత సడలించిండు.
జోగులాంబ కండ్లు తెరవలె.
నెత్తి మీది నిండు బిందెను దించినట్టు,
చుక్క తొణక్కుండ గొంతు దించుకుంటొచ్చి
జనరేటర్ మీద కూసొబెట్టింది.
ఈగ ఎగిరిపోయింది.

అటెనక చానసేపు ఆ డీజిల్ ముసల్దే మాకు తంబూర.
మైకు మళ్ల పలికినా ఎవరూ దగ్గరికి జరుపుకోలె.
మధ్యల లేచిన రిజిస్ట్రార్ సారు
బ్యాగు మళ్ల కాళ్లకాడ పెట్టుకున్నడు.

తని ఆవర్తనంల కరెంటొచ్చింది. జనరేటర్ బంద్.
అయినా ఆ ముగ్గురూ పాత మెట్టెక్కలె.
గోడలకు ఇంకా ఆ నాదం అంటుకోనున్నట్టు
మంగళం దాక అక్కడనే ఉన్నరు.

ఫోను ఛార్జింగ్ పెట్టిన. మిస్డ్ కాల్స్ ఏడు.
అప్పుడే చూడబుద్ధి గాలె.

సారు ఫిడేలు పెట్టె చంకల పెట్టుకోని
బిల్డింగు వెనక్కు పోయి, నిజంగనే, అడిగిండు:
"భాయీ, ఇయ్యాల ఏ శ్రుతి పెట్టినవు?"
ఏదో తప్పు పట్టుకున్నరనుకున్నడు బుర్హాన్ భాయి.
పాత బనీనుతో చేతులు తుడుచుకుంటా
"డీజిల్ జర తక్కువుండె సార్,
వచ్చేసారి నిండ పోస్త" అన్నడు.

"వద్దు వద్దు" అన్నడు సారు.