కత్తి మొగుడు

మా వన్‌టౌన్ ఇంట్లో, అటక మీద,
తిరగని టేబుల్ ఫ్యాను వెనక
పాత దుప్పట్లో చుట్టిన కత్తి ఒకటుంది.
దాన్ని కిందికి దించాలంటే
మా నానమ్మ ముందు చెంగు తలమీద కప్పుకుంటుంది.
"మామగారి వరస" అంటుంది.
నవ్వుతూనే అంటుంది గానీ
కప్పుకోవడం మాత్రం మానదు.

ఆనకట్ట లేని కృష్ణ మీద
రేవు ఎవరిదన్న పేచీ అది.
బెజవాడ ఒడ్డున మేము, రేవళ్లవారం.
అటు సీతానగరం కొండ దిగువన ఏటిగడ్డవారు.
మనిషికి ఒక కాసు సుంకం.
ఆ కాసు కోసం మూడు తరాల మగవాళ్లు
ఏట్లో పడి పోయారు,
ఈత రాక కాదు.

చివరికి రెండువైపుల ముసలివాళ్లూ
నడిమి లంకలో కూర్చున్నారు,
ఏ ఒడ్డూ ఎవరికీ లోకువ కాకుండా.
తెల్లవారేసరికి రేవు చెరిసగం అయింది.
లెక్కలో తేడా వస్తే సరిపెట్టడానికి
ఏటిగడ్డవారి అన్నెమను ఇటు రాసిచ్చారు.
ఆమెనెవరూ అడగలేదు.
ముప్పిడినీ అడగలేదు.
ఈ రెండోది కథలో ఎవరూ చెప్పరు,
నేనే చేర్చుకున్నాను.

పెళ్లినాడు వరుడు రాలేదు.
పడవలో వచ్చింది కత్తి,
పట్టుగుడ్డ మీద, పిడికి బాసికం కట్టుకుని.
అలాంటి పెళ్లిళ్లు ఉండేవట అప్పట్లో,
పురోహితుడు తడుముకోలేదు.
జీలకర్రా బెల్లం పిడిమీద పెట్టింది.
మూడు ముళ్లూ ఆడబిడ్డ వేసింది.
తలంబ్రాలు పోస్తుంటే ఇనుముమీద బియ్యం
వాన మొదలైనట్టు చప్పుడు.
అప్పుడు చూసింది అన్నెమ
అంచున, కొనకు జానెడు ఇవతల, ఒక నొక్కు.
దానికి సరిపోయే గాటు
వాళ్లన్న డాలు మీద ఉంది.
డాలు గోడకుంది. అన్న లేడు.

ఏరు దాటింది.

పదకొండు నెలలు
ఆమె గదిలో కాపురమున్నది కత్తే.
ముప్పిడి రేవు గుడిసెలో పడుకునేవాడు.
అన్నం అక్కడికే వెళ్లేది.
ఆమె చింతపండూ బూడిదా పెట్టి
రోజూ దాన్ని తోమేది.
దానితో మాట్లాడేదని కొందరు దాసీలు,
తిట్టేదని ఇంకొందరు.
రెండూ నిజమే అయ్యుంటాయి, మొగుడే కదా.

శ్రావణంలో ఏరు ఎర్రగా పొంగిన రాత్రి
అవతలి ఒడ్డున దివిటీలు కనబడ్డాయి.
సగం రేవు చాలలేదట ఎవరికో.
ముప్పిడి వచ్చాడు, మొట్టమొదటిసారి, తడిసి ముద్దై,
గుమ్మంలో నిలబడి చెయ్యి చాచాడు:
"కత్తి."

ఆమె లేవలేదు. ఒళ్లోనే ఉంది అది.
"ఇది నా పెనిమిటి.
నలుగురిలో, అగ్నిసాక్షిగా కట్టబెట్టారు.
అర్ధరాత్రి పరాయి మగాడి చేతికి ఎలా ఇస్తాను?
ఇంతకీ, నువ్వెవరు?"

ఇక్కడ మా నానమ్మ ఎప్పుడూ ఆగుతుంది.
తమలపాకు ఈనె తీస్తుంది.
ఒకసారి అతను కోప్పడ్డాడంటుంది,
ఇంకోసారి నవ్వాడంటుంది.
నేను మాత్రం గడపమీద కూలబడ్డాడనుకుంటాను,
నీళ్లు కారుతూ,
కుడిచేతిని తనది కానట్టు చూసుకుంటూ.
"మీ అన్నను కొట్టింది ఈ చెయ్యే.
దీంతో నీ మెళ్లో ముడి ఎలా వెయ్యను?
అందుకే రాలేదు."

"తెలుసు" అంది అన్నెమ.
"రోజూ తోముతున్నాను కదా ఆ నొక్కును."

క్షమించానని అనలేదు.
ఎవరు చెప్పినా ఆ మాట ఈ కథలో లేదు.
తల తుడుచుకోమని పొడిబట్ట విసిరింది.
దివిటీలు కాసేపు వరదను చూసి
ఒక్కొక్కటే వెనక్కి తిరిగాయి.
అతను గడపమీదే తెల్లవార్చాడు.
దాటి లోపలికి రావడానికి ఇంకో నెల పట్టిందని
మా ఇంటి ఆడవాళ్లకే తెలుసు.

మొన్న నాకో సంబంధం వచ్చింది,
గుంటూరు బ్రాడీపేట నుంచి.
పెద్దవాళ్లు వచ్చారు, మిక్చరు తిన్నారు.
అబ్బాయికి సెలవు దొరకలేదట,
ఫోన్లో ఫొటో చూపించారు.
బాగానే ఉన్నాడు. చొక్కా మడతలు కూడా పోలేదు.
వాళ్లు వెళ్లాక అటకెక్కి దుప్పటి విప్పాను.
నొక్కులో వేలు సరిగ్గా పడుతుంది.

నంబరు అడిగి తీసుకుని
రాత్రి పదింటికి నేనే చేశాను.
"హలో" అన్నాడు ఎవరో మగాడు.
"ఇంతకీ, మీరెవరు?" అన్నాను.

చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.
వెనక ఎక్కడో బస్సు హారను.
పేరు చెప్పి తప్పించుకోలేదు,
అది బావుంది.