ఊడిపోయిన డీ

కనిగిరి నుంచి పామూరు పోయే ఎనిమిదింటి బస్సు
నల్లమిట్టపల్లె అడ్డరోడ్డులో నన్ను దించి
చీర మీద ఇంత దుమ్ము చల్లి పోతుంది.
తొమ్మిదో తరగతికి ఇవాళ ఉపసర్గలు.

మాటకు ముందు తగిలించే ముక్క చిన్నదే, అన్నాను,
తలుపుకు గడియ ఎంతని?
హ్యాపీ ముందు అన్ పెడితే మొహం ముడుచుకుంటుంది.
లాక్ ముందు అదే అన్ పెడితే
వాకిలి తెరుచుకుంటుంది.

వెనక బెంచీలోంచి మాల్యాద్రి లేచాడు.
"అంకుల్‌లో అన్ తీసేస్తే కుల్ అంటే ఏంది టీచర్?"
"అన్నంలో గూడా ఉండాది గదా!" ఇంకొకడు.
మగపిల్లలు నోరంతా తెరిచి నవ్వారు.
ఆడపిల్లలు అరచెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు.
ఈ ఊరి పళ్ల మీద బోరు నీళ్లు
పాలపళ్లు రాలిన నాటి నుంచే
గోధుమరంగు రూళ్లు గీస్తాయి.
ఏ రబ్బరుకూ చెరగవు.

పోర్ట్ అంటే మొయ్యడం, బోర్డు మీద రాశాను.
కృష్ణపట్నం పోర్టు కాదు, ఆగండి.
పేరొకటే, వేర్లు వేరు.
ట్రాన్స్‌పోర్ట్, ఇక్కణ్ణుంచి అక్కడికి మొయ్యడం.
సపోర్ట్, కిందనుంచి మొయ్యడం.
రిపోర్ట్, వెనక్కి మోసుకొచ్చి చెప్పడం.

"అయితే మా అవ్వ చేతికర్ర సపోర్ట్," అంది చెంచురత్నం.
"మా అమ్మ ట్రాన్స్‌పోర్ట్. దినానికి ఆరు బిందెలు."
కాసేపాగి, కూర్చోబోతూ,
"నిరుడు సీసాల్లో నీళ్లు పట్టకపోయారు టీచర్.
రిపోర్టు ఇంకా మోసుకురాలా."

డీ అంటే తీసెయ్యడం, అన్నాను.
ఉదాహరణ కోసం నేను పుస్తకం తిప్పుతుంటే
వాళ్లే కిటికీలోంచి చూపించారు,
రోడ్డవతల నీలం రేకుల షెడ్డు.
డీఫ్లోరైడేషన్ ప్లాంట్ అని ఎవరో పెయింటరు
పెద్ద పెద్ద అక్షరాలతో రాసిన బోర్డు.
ఎండలకు మొదటి అక్షరం పెచ్చులూడింది.
ఇప్పుడది ఫ్లోరైడేషన్ ప్లాంట్.
లోపల మోటారు కాలిపోయి ఇది మూడో వేసవి.

"ఉపసర్గ ఊడిపోతే
మిగిలేది ధాతువే గదా టీచర్?"

అవును, ధాతువే.
పాత వైద్యులు ఎముకను కూడా ధాతువే అనేవాళ్లు.
ఆ సంగతి చెప్పబోయి ఆగాను.
చెంచురత్నం అవ్వ ఓబులమ్మ
రెండు మోకాళ్లూ లోపలికి ఒరిగి
బడి ప్రహరీ పట్టుకుని
ఒక్కో ఇటుకా దాటుతోంది.

సాయంత్రం బస్సు రాలేదు.
రాయి మీద కూర్చుని అనుకున్నాను,
ఇంగ్లీషువాడు కాదనేది ముందే తగిలిస్తాడు,
మాట సగంలో ఆశపడే పని లేదు.
మన దగ్గర అది తోకలో ఉంటుంది.
"నీళ్ల ట్యాంకరు ఇవాళ మన వీధికి" అన్నంతవరకూ
బిందెలు వరసలోనే ఉంటాయి.
ఆ తరవాతే వస్తుందో, రాదో.

మర్నాడు పొద్దున
షెడ్డు బోర్డు మీద బొగ్గుతో డీ.
ఆ గుడిదీర్ఘం వంకర ఎవరిదో నాకు తెలుసు,
ఏడాదిగా ఎర్రసిరాతో దిద్దుతున్నాను.
ఇవాళ దిద్దలేదు.

పంచాయతీ సెక్రటరీ బండి ఆపి
తలెత్తి ఆ బొగ్గు గీత చూసి నవ్వాడు.
మోటారు మాటేమిటని అడిగాను.
"అదే మేడం, పైకి రాశాం,
వచ్చే సోమవారానికల్లా కొత్త మోటారు బిగించడం..."
జేబులో ఫోను మోగింది.
హలో హలో అంటూ సిగ్నల్ కోసం
వేపచెట్టు దాకా నడిచాడు.

కిటికీ ఊచల వెనక తొమ్మిదో తరగతి,
రోడ్డు మీద నేను,
ఆ వాక్యం చివర నిలబడి ఉన్నాం.