పిడి లేని తలుపు

"ఇది పలకడం లేదు" అంటూ
స్ట్రూవన్ గెడ్డెస్ నా బల్ల మీద పెట్టాడు
అరిగిపోయిన సబ్బుబిళ్ళంత నల్లటి ముక్కని.
బయట అబర్డీన్ మీదికి సముద్రం నుంచి మంచు ఎక్కి వస్తోంది.
ఎదుటి రాతి మేడలు ఒక్కొక్కటే చెరిగిపోతున్నాయి.

నాది గడియారాల కొట్టు. కార్ల గొడవ నాకెందుకు?
అంత పెద్ద మనిషీ తడిసిన టోపీ నలుపుతూ నిలబడితే
కాదనలేకపోయాను.
"తొంభై తొమ్మిది నాటి బండి, ఊనా.
తలుపుకి పిడి లేదు, తాళం కన్నం లేదు,
అందం చెడుతుందని పెట్టలేదు.
చేసిన కంపెనీయే మూతబడింది. ఇక ఈ బొత్తామే దారి."
అందం కోసం పిడి తీసేసినవాళ్ళు
మా ఊరి వానలో ఒక్కసారీ నిలబడి ఉండరు.

కంటికి భూతద్దం బిగించి, సందులో సన్నటి రేకు దూర్చి విప్పాను.
బిళ్ళ బ్యాటరీ చుట్టూ చిలుము.
గోరంత పచ్చ పలక మీద, టంకం అతికిన చోట,
వెంట్రుకకన్నా సన్నని పగులు.
రబ్బరు బొత్తాలు రెండు. మూసేది కొత్తదిలాగే ఉంది.
తెరిచేది బొటనవేలి ఆకారంలో గుంటపడి, చిల్లుపడి ఉంది.
తెరిచినన్నిసార్లే కదా ఎవరైనా మూసేది?
అప్పుడు అడగలేదు.

గుగ్గిలం పొగలో కళ్ళు మండుతుంటే పగులు పూడ్చాను.
చచ్చిన కంప్యూటర్ మౌసులోంచి మీట పీకి పెట్టాను.
చిల్లుకి సైకిల్ ట్యూబు ముక్క.
నొక్కితే టిక్కుమంది. లోపల ఎర్ర చుక్క మిణికింది.
నా గర్వం రోడ్డు దాటేవరకే నిలిచింది.

నేరేడుపండు రంగు కారు
మంచులో తడుస్తూ, మేమెవరమో ఎరగనట్టు కూర్చుంది.
నేను నొక్కాను. అతను నొక్కాడు.
చెవిటివాడి ముందు శంఖం.

ఆ రాత్రి పాత పుస్తకం ముందేసుకుంటే తెలిసింది:
ఈ రెండూ కలిసి లెక్కపెట్టుకుంటాయట.
నొక్కినప్పుడల్లా చేతిలోది ఒక అంకె ముందుకు జరుగుతుంది,
విన్నప్పుడల్లా కారు కూడా.
వినిపించనంత దూరాన నొక్కితే
ఇది ఒక్కతే నడిచిపోతుంది.
పదో ఇరవయ్యో అయితే కారు సర్దుకుంటుంది.
వందలైతే, గొంతు అదే అయినా
దొంగ అనుకుంటుంది.

మర్నాడు అడిగాను, "దీన్ని ఎక్కడెక్కడ నొక్కావు?"
చెవులు ఎర్రబడ్డాయి అతనికి.
"రిగ్గు మీద. మూడు వారాలు, చుట్టూ నీళ్ళు.
షిఫ్టు దిగి పై బెర్తులో పడుకుని...
పక్కవాడు గురకపెడతాడు. నేను తలుపు తీసుకుంటాను."

డిక్కీకి మాత్రం ఒక తాళం కన్నం ఉంచారు,
ఎవరో ముందుచూపున్న పుణ్యాత్ముడు.
స్ట్రూవన్ అందులోంచి దూరాడు.
బూట్లు బయట, మిగతా మనిషి లోపల, మధ్యలో ఇరుక్కున్న తిట్లు.
కుక్కతో పోతున్న ఫార్కర్ గారి పెద్దావిడ ఆగి
పోలీసుల్ని పిలవనా అని మర్యాదగా అడిగింది.
తాళంచెవి రెండుసార్లు తిప్పు, రెండు బొత్తాలూ కలిపి నొక్కు,
ఐదు లెక్కపెట్టు. ఏమీ లేదు.
"నీ ఐదు తొందరగా అయిపోతోంది, మళ్ళీ."
ఈసారి మంచులో రెండు పక్కలా నారింజ దీపాలు
రెప్ప వేసి తీశాయి.
తలుపులో గడియ జారిన చప్పుడు.

గురువారం హెలికాప్టరు. వెళ్ళే ముందు అతనికి
ఖాళీ డొల్ల ఒకటి చేసిచ్చాను. బ్యాటరీ లేదు, పలక లేదు,
గుంటపడిన ఆ పాత రబ్బరూ, టిక్కుమనే మీటా, అంతే.
"ఎంతైనా నొక్కుకో. దీనికి లెక్కలు రావు."
"తలుపు తెరుచుకోదుగా?"
"అక్కడ ఎప్పుడు తెరుచుకుంది గనక."

అసలుది నా కొట్టులో, ఆగిపోయిన గడియారాల పక్కన
మేకుకి వేలాడుతోంది.
నిన్న సాయంత్రం, ఎవరూ లేనప్పుడు
ఒక్కసారి నొక్కాను.
ఒకటే కదా.
సర్దుకుంటుంది.