ఆ ఇద్దరూ బాగున్నారా

కార్డిఫ్ రేవు వెనక వీధి, నాలుగో అంతస్తు.
లిఫ్టు పాడై తొమ్మిది రోజులు.
మెట్లెక్కి వచ్చిన నర్సు రియానన్
ఇరవై రెండు పేజీల పత్రం బల్లమీద పెట్టి
ముందు ఊపిరి పీల్చుకుంది.
నేను మధ్యలో కూర్చున్నాను.
దుబాసీకి ఎప్పుడూ మధ్య కుర్చీయే.

"మూత్రపిండాలకి కొత్త మాత్ర" అంది.
సోమాలీలో చెప్పాను.
"సగం మందికి మందు, సగం మందికి
మందులా కనబడే ఉత్తి మాత్ర" అంది.
మా అమ్మ భాషలో ఒంటెపాలకి
అప్పుడే పిండినవా, పులిసినవా,
దారి పొడుగునా కుండలో కుదిపినవా,
వేటి పేరు వాటికుంది.
ఉత్తి మాత్రకి లేదు.
"మూతేసిన పెట్టె పిన్నీ.
ఖాళీదో కాదో ఇచ్చేవాళ్ళకీ తెలీదు."
ఇబాడో పిన్ని పకపకా నవ్వింది:
"అయితే పెళ్ళి సంబంధం లాంటిదే."

నవ్వు ఆగాక కిటికీ వైపు తిరిగింది.
కోవిడ్ ఏడాది దాహిర్ బాబాయి వేలికి
ఒక క్లిప్పు తగిలించారు.
తొంభై ఆరు అంది యంత్రం.
ఆయన పెదాలు ఇంకో అంకె చెబుతున్నాయి.
ఎవరి మాట వినాలో వాళ్ళకి తెలుసు.
ఇంటికి పంపించారు.
నల్లటి చర్మం దాటేటప్పుడు ఆ వెలుగు
తప్పు చదవొచ్చని
తర్వాతెప్పుడో రేడియోలో విన్నాం.
రెండు రాత్రులు, అంతే.

ఇది చెప్పమని ఆవిడ అనలేదు.
నేను చెప్పాను.
రియానన్ పెన్ను మూత పెట్టింది, తీసింది, పెట్టింది.

"ఈ మాత్ర ఇంతకుముందు ఎంతమంది మింగారు?"
"నాలుగు వేల పదకొండు మంది."
"మా వైపువాళ్ళు?"
పేజీలు తిరిగాయి. 'ఇతరులు' అన్న వరస కింద,
భూతద్దం కావాల్సిన అక్షరాల్లో,
ఇద్దరు.

పిన్ని ఆ ఇద్దరినీ
సోఫాలో కూర్చోబెట్టినట్టు కాసేపు చూసింది.
"వాళ్ళిద్దరూ బాగున్నారా?"

రియానన్ నాకేసి కాదు, ఆవిడకేసే చూసి అంది:
"నాకు తెలీదు."
పన్నెండేళ్ళ నా కొలువులో
ఆస్పత్రి మనిషి నోట ఆ మాట
చుట్టు తిరక్కుండా రావడం అదే మొదలు.

టీ చల్లారింది. ఇంకోటి పెట్టింది, యాలకులు దండిగా.
షరతులు వంటింట్లోంచే వచ్చాయి.
శుక్రవారం కుదరదను.
నెత్తురు ఇక్కడికొచ్చే తీసుకోమను.
లిఫ్టు బాగుచేయించమను.
"అది వాళ్ళ చేతిలో లేదు పిన్నీ."
"అడగమను."
రంజాన్లో మాత్ర ఏ వేళకెయ్యాలో ఆలోచించారా?
ఆలోచించలేదు.
"నన్ను లెక్కలో వేసుకుంటే
నాకు లెక్క చెప్పాలి.
ఏం తేలిందో ఉత్తరం వద్దు. మనిషి రావాలి,
ఈ మెట్లెక్కే."

పత్రంలో పేరుకి రెండు గడులు.
ఆవిడ పేరులో తనూ, నాన్నా, తాతా ఉన్నారు.
ఇబాడో వర్సమే గూలేద్.
తాత గడి దాటి అంచుమీదకి వెళ్ళిపోయాడు.
రియానన్ దిద్దమనలేదు.

రెండో అంతస్తు దాకా దిగామో లేదో
పైనుంచి కేక. నాకే అనుకుంటా, సోమాలీలో:
ఆ ఇద్దరి సంగతి మరిచిపోవద్దని.