ఎన్ని అడుగులు

జూలై మూడో వారానికి టిన్‌కప్ సరస్సులో
నీళ్ల కన్నా ఆకే ఎక్కువ.
మోటారు నాలుగు చుట్లు తిరిగేసరికి
రెక్కలకు పచ్చటి జడ.
వెల్డా ఏమీ అనకుండా కూరగాయల కత్తి అందిస్తుంది.
నేను ఏమీ అనకుండా కోస్తాను.

మా అక్క ముందు బల్ల మీద, నేను వెనక.
మూడేళ్లయింది మాటలు లేక.
ఊరి హాల్లో ఓటింగు: మందు కొట్టి కలుపు చంపాలా, వద్దా.
తను చెయ్యెత్తింది. నేను ఎత్తలేదు.
అద్దెకొచ్చే షికాగో వాళ్ల కాళ్లకు నాచు తగలకూడదట.
ఆ వేసవంతా సరస్సు అద్దంలా ఉంది,
అద్దంలో ఎన్ని చేపలుంటాయో అన్నే ఉన్నాయి.

ఇప్పుడు కలుపు తిరిగొచ్చింది, ఇంకా మొండిది.
మేమూ ఒకే పడవలోకి వచ్చాం, గత్యంతరం లేక:
నాకు భుజం పోయింది, తనకు మోకాలు.
మోటారు ఎత్తాలంటే నాలుగు చేతులు కావాలి.

మా మధ్య చెల్లే ప్రశ్న ఒక్కటే.
"ఎన్ని అడుగులు?"
రాయి కట్టిన తాడు వదిలి, తడిసినంత మేర కొలిచి
తను చెబుతుంది: "ఆరు."
"తొమ్మిది."
"అడుగు తగల్లేదు, ఆకే."

పొద్దున ఐదున్నర. కలువాకుల కింద బ్లూగిల్‌లు
చిటికెలు వేస్తున్నట్టు పురుగుల్ని చప్పరిస్తున్నాయి.
అరచేతికి చాలని పిల్లలు, పెద్దమనుషుల రోషం.
ఎరను తోకవైపు నుంచి కొరుక్కుపోయి
బెండు చేత అబద్ధాలాడిస్తాయి.
ఐదు పడితే ఐదూ నీళ్లలోకే.

క్రాపీ అలాంటిది కాదు.
ఎండ ముదిరితే అంచుకు చేరుతుంది,
కలుపు గోడ తెగిపోయి నీలం మొదలయ్యే చోటుకి.
అడుగున కాదు, పైనా కాదు, నడుమ ఎక్కడో
వేలాడుతుంది, గాలిలేని పూట జెండాలా.
కళ్లు పైకే. ఎర దాని కిందికి జారిందా
ఇక నువ్వు ఊళ్లో లేనట్టే.
దాని మూతి తడి కాగితం.
కోపంగా లాగితే చిరిగిపోతుంది
గాలానికి ఇంత తెల్లపొర మిగిల్చి.
ఈ సంగతి నాకు చెప్పింది వెల్డానే,
నా తొమ్మిదో ఏట, చెవి మెలేసి.

పది దాటింది. మూడు చోట్లు మార్చాం.
బకెట్లో ఒకే ఒక్క పెర్చ్, చారల చొక్కా తొడుక్కుని
గుండ్రంగా తిరుగుతోంది ఖైదీలా.
నా గాలంకర్ర మొన మీద తూనీగ కూర్చుంది, లేచింది,
ఇంతకన్నా మంచి చోటు లేదని మళ్లీ కూర్చుంది.

అప్పుడు వెల్డా తెడ్డు తీసుకుంది, మోకాలు మరిచి.
తన రేవు వైపు.
నేను నోరు తెరిచి మూశాను:
మందు మొట్టమొదట కొట్టింది అక్కడే కదా.
చెక్క మెట్లకు ఇవతల, నీడ పడే చోట
వెడల్పాటి ఆకులు, పాత రకం, రాగి రంగు కాడలు,
మనిషెత్తు లేచి, మధ్యలో పొయ్యి నోరంత ఖాళీ.
మా చిన్నప్పుడు సరస్సంతా ఇదే ఉండేది.

"ఇక్కడ కొట్టొద్దన్నాను," అంది, నీళ్లతో చెబుతున్నట్టు.
"ఆ మందు కుర్రాడికి ఇరవై డాలర్లిచ్చి."

మరి ఆ చెయ్యి ఎందుకెత్తావు?
ఎత్తితే ఎత్తావు, ఇది నాకెందుకు చెప్పలేదు?
నోట్లోంచి వచ్చింది మాత్రం
"ఎన్ని అడుగులు?"

తను తాడు వదల్లేదు. చూసే చెప్పింది.
"ఎనిమిది. నువ్వు ఐదు దగ్గర ఆపు, ఆర్డిస్."
నా పేరు తన నోట విని ఎన్నాళ్లయిందో.
ఐదు దగ్గర ఆపాను.

బెండు మునగలేదు. పక్కకు వాలింది
కునుకు పట్టిన తలలా.
కింద ఎవరో దాని బరువు ఎత్తుకున్నారు.
"మెల్లగా."
"తెలుసు."
"తెలిస్తే ఆ వణుకెందుకు?"

నల్ల చుక్కల వెండి, జానెడున్నర,
పైకి వచ్చి ఎండను ఒకసారి కొట్టింది.
తర్వాత ఇంకొకటి. తర్వాత లెక్క తప్పింది,
లేదా ఇద్దరం చెరో లెక్కా చెప్పుకోలేదు.
పెర్చ్‌ను వదిలేశాం. దానికి శిక్ష పూర్తయింది.

తిరుగు దారిలో మోటారు చప్పుడు మీదుగా
వెనక్కి తిరక్కుండానే అంది మా అక్క:
"అడుగు."
ఒక్క అడుగే లోతుందనుకుని
నేను మోటారు పైకెత్తేశాను.