దుబాసీ చదివిన పుస్తకం

సలేఖార్డ్ పోస్టాఫీసులో ఏడు వారాలు పడి ఉందట.
ఉప్పుకీ, టీ పొడికీ, స్నోమొబైల్ బెల్టుకీ వెళ్తే
"ఇది మీ టండ్రా వాళ్లదేనేమో చూడు" అని
కౌంటరావిడ నా వైపు తోసింది.
అట్ట మీద మా మంచు, ఇక్కడికంటే నీలంగా.
నూట నలభై మూడో పేజీలో హద్నే అవ్వ.
పేరు లేదు. కింద "మంచు తల్లి" అని ఉంది.

రాసినాయన హెనింగ్. పద్దెనిమిదేళ్ల కిందట
పదకొండు రోజులు మా గుడారంలో ఉన్నాడు.
అంతకు ముందు ఏదో అడవి మీద ఒకటి, ఏదో దీవి మీద ఒకటి రాశాడట.
మేం మూడోవాళ్లం.
పుస్తకంలో "నా గైడు" అంటే నేనే.
పందొమ్మిదేళ్లప్పుడు, రోజు కూలికి దుబాసీని.
మాట ఆగితే కూలీ ఆగుతుందని భయం.

ఇన్నాళ్లయ్యాక చెప్పడానికేం,
"ఆ మేజోళ్లు తడిశాయి, విప్పమను, వేళ్లు రాలిపోతాయి" అని అవ్వ అంటే
నేను కాసేపు ఆకాశం కేసి చూసి
"నడిచినవాడి పాదాల్ని నేల మరచిపోదంటోంది" అన్నాను.
పెన్సిలు పరిగెత్తింది.
పొద్దుగూకే దాకా అవే తడి మేజోళ్లు.

తర్వాత ఆపడం నా చేత కాలేదు.
తల్లి చచ్చిన జింకపిల్లలా అబద్ధం
ఒకసారి పాలు పోశావా, వెంటే తిరుగుతుంది.
పిండి ధర గురించి అడిగితే పూర్వీకులన్నాను.
పైపులైను వాళ్లని తిడితే గాలిపాట అన్నాను.
ఆ తిట్లు ఏ భాషలోకీ రావు, అది వేరే సంగతి.

ఆ వాక్యం ఊరంతా తిరిగి మా గుమ్మంలోకే వచ్చింది.
హెలికాప్టర్లలో దిగినవాళ్లు బూట్లు విప్పి
నాచు మీద ఉత్తికాళ్లతో, కళ్లు మూసుకుని నిలబడతారు.
దోమలకి పండగ.
బోర్డింగు బడి గోడ మీద "నేనెట్స్ సామెత" అని రాశారు.
మా మేనకోడలు మ్యూసేనా
దాన్ని వ్యాసంలో పెట్టి అయిదుకి అయిదు తెచ్చుకుంది.

"చదువు" అంది అవ్వ, చేపని పలచగా చెక్కుతూ.
"ఈసారైనా సరిగ్గా చెప్పు.
ఆ రోజు నేనన్నది ఇంత, నువ్వు చెప్పింది ఇంత.
కొలత తెలీదనుకున్నావా నాకు?"

చదివాను. ఉన్నదున్నట్టు.
నేల, పాదాలు, మరపు, అన్నీ.
చెక్కుతున్న కత్తి కింద పెట్టి మరీ నవ్వింది.
"బావుంది. ఇక ఇది నాదే."
తనూ అతన్ని ఊరికే వదల్లేదు లెండి.
ఏ గుడారానికెళ్లినా తడి మేజోళ్ల మనిషి కథ చెబుతుంది.
ఏటేటా ఆ మేజోళ్లు ఇంకాస్త తడుస్తాయి.
పోయిన చలికాలానికి చెరువులోనే పడుకుంటున్నాడు పాపం.
అందులోనూ అతనికి పేరు లేదు.

"తొమ్మిదో రాత్రి సంగతి రాశాడా?"
ఏ రాత్రి?
"నిద్రలో ఎవరినో పిలిచి ఏడ్చాడు.
లేచి పొయ్యిలో రెండు కట్టెలు వేసి
చూడనట్టు అటు తిరిగి పడుకున్నా."
పేజీలు తిప్పాను. తొమ్మిదో రోజు కింద
ఒక్క వాక్యమే:
"ఇక్కడివాళ్లు దుఃఖాన్ని బయటపెట్టరు."
అదీ చదివాను. అవ్వ ఏమీ అనలేదు.

బొమ్మ దగ్గరికి తెమ్మంది.
తన మొహాన్ని చూసుకోలేదు.
అంచున, సగానికి తెగిపోయిన తెల్లజింక మీద వేలు పెట్టింది.
యాల్యా. పగలు అని పేరు.
ఆ చలికాలమే, మంచు మీద వాన కురిసి గాజులా గడ్డకట్టి
నాచు అందక, గిట్టలు నెత్తురోడేలా తవ్వి తవ్వి పోయింది.
బొటనవేలితో కాగితం అంచుని
మెల్లగా ఇటు లాగుతోంది,
మిగతా జింక కూడా లోపలికొస్తుందేమోనని.

"సగమేది?" అంది.

నోరు తెరిచాను.

"వద్దులే," అంది, "కట్టె వెయ్యి."