పిడి విరిగిన గిన్నె

బెంగుళూరా కాయ సీజనొస్తే
చిత్తూరు రోడ్డు పొడుగునా ట్రాక్టర్లు వరసకట్టి నిలబడతాయి.
గుజ్జు ఫ్యాక్టరీలో మాకు పన్నెండు గంటల షిఫ్టు.
గేటు కాడ సూపర్‌వైజరు రెడ్డెప్ప
ముందు మా గోళ్ళు చూస్తాడు, తర్వాతే మొహాలు.
గోరు పెరిగుంటే ఇంటికే.
తెల్ల కోటు, తెల్ల టోపీ.
కాయరసం మరక పడితే ఎవురూ ఏమీ అనరు.
ఇంకో మరకకి భయపడి
ఎనిమిదేండ్లు నేను గోడ పక్కనే నడిచినాను.

కప్పు సంగతి చెప్పింది షంషాద్.
టీ బ్రేకులో, డబ్బాల గుట్ట ఎనక,
అరచేతిలో పెట్టి చూపించింది:
మేక మెడలో గంట, నాలిక తీసేసినట్టు.
"లోపలికి పోయి కడుపులో పడితేనో?"
"యాడికి పోతాది మే,
ఆ సందు చివర వాకిలి మూసే ఉంటాది."

మొదటి రోజు మూడుసార్లు మడిచినాను.
మూడుసార్లూ చేతిలోంచి జారి
బాత్రూం బండ మీద ఎగిరింది,
కప్పు కాదది, కప్ప.
దాన్ని కడిగి, చేతులు కడిగి, మళ్ళా.
గొంతుక్కూచోని, ఊపిరొదిలి,
ఒళ్ళు బిగబడితే రాదని ఒంటికే నచ్చజెప్పి...
లోపల విచ్చుకునింది.
అంచు చుట్టూ వేలు తిప్పి చూసినాను.
ముప్పై నాలుగేండ్లు కాపరమున్న ఇంట్లో
ఒక గది ఇప్పుడే చూసినట్టు.

తీసేటప్పుడు తొందరపడి తోక పట్టి లాగినాను.
కండ్లలో నీళ్ళు తిరిగినాయి.
"సీలేసిన డబ్బా మూత ఊరికే లాగితే వస్తాదా?" అని తిట్టింది షంషాద్.
అడుగు నొక్కల్ల, గాలి పోనీయల్ల, మెల్లిగా దించల్ల.
దినామూ డబ్బాలకి సీలేసేది నేనే,
నాకు తట్టలేదు.

షిఫ్టుకి ముందొకసారి ఒంపేస్తాను, షిఫ్టయినాక ఒకసారి.
జాస్తిగా పొయ్యే రెండోనాడు మద్దేనం కూడా.
ఓవర్‌టైమంటే ముందు బాత్రూముకే పోతాను,
పన్నెండు గంటలు దాటనీను.
రెడ్డెప్ప గడియారం చూస్తాడు.
చూడనీ. నేనూ గడియారమే చూస్తా ఉండా.

మా లైనులో కుప్పమ్మ వాసన సబ్బుతో కడిగి
మూణ్ణాళ్ళు మంటని అల్లాడింది.
దొరసానికి లూపుంది,
ముందు పెద్దాసుపత్రిలో డాక్టరమ్మనడిగిరా పో అని పంపించినాము.
కప్పుండంగా ఉన్నట్టుండి జొరమొచ్చి,
ఒంటిమింద దద్దురు లేసి, తల తిరిగితే
తీసేసి ఆసుపత్రికి పరిగెత్తల్ల,
కప్పు పెట్టుకోనుంటినని నోరు తెరిచి చెప్పల్ల.
సిగ్గు రేపైనా పడొచ్చు.

ఇంగ ఉడకబెట్టేది.
దానికనే ఒక గిన్నె, పిడి విరిగింది,
వేరే దేనికీ ముట్టను.
మొదటి కప్పుని పొయ్యి మింద పెట్టి
వీధిలో నీళ్ళ ట్యాంకరొస్తే బిందెత్తుకోని పరిగెత్తినాను.
వచ్చేతలికి ఇల్లంతా టైరు కాలిన కంపు.
ఒక దినం కూలి అడుగంటిపోయింది.
వాకిట్లో అత్త, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకోని:
"గుడ్డు ఉడకబెడతా ఉండావా ఏమి?"

చెప్పినాను. ఏమైతే కానీ అని అంతా చెప్పినాను.
ఆమె ఏమీ అనలేదు.

మర్నెల కొత్తదాన్ని గిన్నెలో ఏసినాను,
అడుగు తగలకుండా తేలేటన్ని నీళ్ళు పోసి.
కాగినాక అయిదు నిమిషాలు, కదలకుండా నిలబడినాను.
అత్త పక్కకొచ్చి మంట తగ్గించింది.
"నీళ్ళు ఇంకిపోతా ఉండాయి, చూడు."

తీసి, ఆరబెట్టి, వెలుతురుకి పట్టి చూస్తా ఉంటే
"ఏం చూస్తా ఉండావు?"
"యాడన్నా చిరిగిందేమోనని."
"చిరక్కపోతే ఎన్నేండ్లొస్తాది?"
"శానా ఏండ్లు."
నూలు సంచిలో ఏసి కిటికీ కొక్కేనికి తగిలించినాను.
"డబ్బీలో పెట్టి మూతెయ్యరాదా?"
"వద్దత్తా. గాలాడల్ల."

"మేము చీర కింద ఆరేస్తిమి," అనింది.
"ఎండ తగలనిస్తే కదా."
అని వేళ్ళ మింద ఏదో లెక్క కడతా కూచునింది,
నెలలో, ఏండ్లో, గుడ్డలో.
నేనడగలేదు.
పీచు తీసుకోని
గిన్నె అడుగున పాత నల్లమచ్చ తోముతా ఉండాను.
పోదది. అయినా.